గేట్ల లెక్క, పోటు లెక్క

కృష్ణలో నావ మీద నాలుగైదు రోజులు పోదామన్న మాట మా స్నేహితుల్లో లేచినప్పుడు, ఏర్పాట్లన్నీ నా నెత్తిన పెట్టారు. నేను సరంగును కాను, జాలరి ఇంట్లో పుట్టినవాణ్ణీ కాను. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరి, సర్వీసంతా కాలువ గట్ల మీద గడిపి, గుడ్లవల్లేరులో ఇంటిపట్టున కూర్చున్న మనిషిని. ‘‘నీళ్ళ సంగతి నీకు తెలిసినంత మాకెవరికి తెలుసు బావా’’ అన్నాడు మిల్లు గుమస్తా. మిగిలినవాళ్ళు తలలూపారు. వాళ్ళ ఉద్దేశం నాకు తెలియక కాదు. ఏదైనా తేడా వస్తే తిట్టడానికి ఒకడుండాలి. సర్వీసులో అలవాటైన పనే కదా అని ఒప్పుకున్నాను.

మా పని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా ప్లాను అర్థం కాదు. గుడ్లవల్లేరు, బంటుమిల్లి, బందరు వైపంతా శివారు ఆయకట్టు. బెజవాడలో కాలువకు నీళ్ళొదిలారని పేపర్లో వచ్చాక కూడా మా తూముల్లోకి రావడానికి రోజులు పడుతుంది. దారిలో ఎందరి నారుమళ్ళో తడవాలి. పొద్దున్నే గట్టెక్కి గేజీ చూడడం, రిజిస్టర్లో రాయడం, సెక్షన్ ఆఫీసుకు చెప్పడం, ఏ షట్టరు ఎంత ఎత్తాలో కనుక్కోవడం, వంతు ఎవరిదో రైతులకు చెప్పడం, చెప్పినందుకు వాళ్ళతో మాటలు పడడం, ఇదీ నా ఉద్యోగం. రాత్రి ఎవరో తూము తలుపు ఎత్తుకుంటారు. తెల్లారేసరికి కిందివాళ్ళు నా గుమ్మం ముందుంటారు. నాకు ఈ పని నేర్పింది కాలువ కాపలా చూసే లస్కర్లు. చదువు లేని ఒక పెద్ద లస్కరు నీటి రంగు చూసి, పైన ఎక్కడో గట్టు జారిందని చెప్పేవాడు. మర్నాడు కబురు వచ్చేది. నీళ్ళు మనం కోరుకున్న వేళకు రావనీ, పైన వదిలినవాడు వదిలిన వేళను బట్టి వస్తాయనీ ఒంటికి పట్టింది అక్కడే. నావ ప్రయాణానికి నాకున్న అర్హత అదొక్కటే.

ఈ ఆలోచన తెచ్చింది మా జట్టులో ఉన్న మేష్టారి అబ్బాయి. మినియాపాలిస్‌లో ఉద్యోగం. అమెరికా, కెనడా సరిహద్దులో బౌండరీ వాటర్స్ అని వందల చెరువుల అడవి ఉందట. ఏటా స్నేహితులతో కలిసి అక్కడ కనో వేసుకుని తిరుగుతాడు. తెడ్డుతో తోసుకుపోయే సన్నటి పడవ, మన కొల్లేటి తాటిదోనెకు దూరపు చుట్టం. తాటిమొద్దును తొలిచి దోనె చేసుకోవడం కొల్లేటి వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. అబ్బాయి ఎక్సెల్ షీటు పట్టుకొచ్చాడు. రోజుకు ఎన్ని మైళ్ళు, ఎన్ని కాలరీలు, ఎవరి బరువెంత, అన్నీ గళ్ళలో ఉన్నాయి. అక్కడ గుంపుకు తొమ్మిది మందికి మించకూడదట, నాలుగు పడవలకు మించకూడదట. డబ్బాల్లో, సీసాల్లో తిండి తీసుకెళ్ళనివ్వరట. అటవీ శాఖ ఇచ్చే పర్మిట్ ఒక్కటి చేతిలో ఉంటే చాలట. ‘‘ఇక్కడ పర్మిట్ ఎవరిస్తారు బాబాయ్?’’ అని అడిగాడు. ఒకరిస్తే బాగానే ఉండేది నాయనా అన్నాను. తొమ్మిది మందికి మించకూడదన్న ఆ నిబంధన మాత్రం నాకు నచ్చి అలాగే తీసుకున్నాను. మా ఊళ్ళో ఒక మాట బయటికి పొక్కితే తొమ్మిది కాస్తా పంతొమ్మిదవుతుంది.

మొదట అందరూ అడిగింది, మన కాలువలోంచే ఎందుకు పోకూడదని. అడగదగ్గ ప్రశ్నే. ఈ కాలువలు తవ్వించినప్పుడు కాటన్ దొర సాగుతో పాటు పడవల రాకపోకలనూ లెక్కలో పెట్టుకున్నాడు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా ధాన్యం చాలాకాలం పడవల మీదే నడిచింది. లాకులు కట్టింది అందుకే. ఎగువ నీరు ఎత్తు, దిగువ నీరు పల్లం. మధ్యనున్న గదిలోకి పడవను రానిచ్చి, తలుపులు మూసి, నీటిమట్టం పెంచో దించో అవతలికి పంపేవారు. గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగుకుంటూ నడిచేవారు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువలనూ, కృష్ణా గోదావరులనూ కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గమని ప్రకటించారు కూడా. ప్రకటన కాగితం మీద ఉంది. కాలువలో గుర్రపుడెక్క ఉంది. మనిషి వంగినా దూరలేనంత కిందికి కట్టిన వంతెనలున్నాయి, లాకుకీ లాకుకీ మధ్య షట్టర్లున్నాయి, ఊరి మురుగంతా ఉంది. రెండో పంట దాళ్వాకు నీళ్ళిచ్చే కాలంలో అందులో నావ వేసుకుని తిరిగితే రైతులు ఊరుకోరు, ఊరుకోనూ కూడదు. వేసవిలో కాలువలు కట్టేస్తే నీళ్ళే ఉండవు. కాబట్టి కాలువ మాట అక్కడే తీసేశాను.

అబ్బాయి షీటులో మొదటి గడి ‘విజయవాడ ప్రకాశం బ్యారేజీ’. ఫొటోకు బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ బ్యారేజీ కింద నది రెండే తీర్లుగా ఉంటుంది. గేట్లు దించితే ఇసుక, మధ్యమధ్య మడుగులు. గేట్లెత్తితే వరద. నావ వేసుకుపోయే నడిమి స్థితి ఏడాదిలో కొద్ది రోజులే. 1957లో పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన ఈ బ్యారేజీకి డెబ్బై గేట్లు. దాని కడుపులో ఆగేది మూడు టి.ఎం.సి.లకు కాస్త ఎక్కువ, అంతే. పైనుంచి వరద వస్తే పట్టి ఉంచడానికి చోటు లేదు, వచ్చింది వచ్చినట్టు కిందికి వదలాల్సిందే. 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది. 2009 అక్టోబరులో 11 లక్షలు దాటి వచ్చినప్పుడు మేమంతా ఇసుక బస్తాలతో గట్ల మీదే తిన్నాం, గట్ల మీదే కునికాం. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షలు వచ్చింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పెద్ద పడవలు బ్యారేజీ గేట్ల దగ్గర ఇరుక్కుంటే, వాటిని తీయడానికి ఎంత తంటా పడ్డారో రాష్ట్రమంతా టీవీలో చూసింది. అంతంత పడవలకే దిక్కులేనప్పుడు మన నావలెంత.

అందుకని వర్షాకాలం వద్దన్నాను. అక్టోబరు, నవంబరు అసలే వద్దన్నాను. దివిసీమ వైపు పోయేవాడికి ఆ రెండు నెలల గురించి కారణం చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన వేలమందిని తీసుకుపోయింది. ఆ ఊళ్ళలో నా వయసు వాళ్ళెవరితో మాట్లాడినా పది నిమిషాల్లో ఆ రోజు దగ్గరికే వస్తారు. వేసవిలో ఎండ, వడగాలి. మిగిలింది సంక్రాంతి తరవాతి కాలం. అప్పుడు బ్యారేజీ కింద నదిలోకి నీళ్ళొదలరు. పై సగం నది ఎండినట్టే ఉంటుంది. అందుకే బయల్దేరే చోటు శ్రీకాకుళం రేవుకు దించాను. ఘంటసాల పక్క శ్రీకాకుళం, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. రాయలవారికి స్వామి కలలో కనబడి ఆముక్తమాల్యద రాయమన్నది ఇక్కడేనని మేష్టారు గుర్తుచేసేసరికి, బెజవాడ పోయిందే అన్న బాధ కొంత తగ్గింది.

శ్రీకాకుళం కింద కూడా నీళ్ళన్నీ ఒక్క పొడుగున ఉండవు. మడుగులో తెడ్డేయాలి, ఇసుక అడ్డొస్తే దిగి నావను లాగాలి. అమెరికాలో చెరువుకూ చెరువుకూ మధ్య పడవను భుజాన మోస్తారట. మనకు ట్రాక్టరు ఉంది. లంకల్లో అరటి, పసుపు, కంద వేసే రైతుల్లో నాకు తెలిసినవాళ్ళున్నారు. నావను ట్రాలీలో వేసుకుని ఇసుక దాటించడానికి ఒకాయన ఒప్పుకున్నాడు. ‘‘డబ్బులేమీ వద్దు, కానీ నా అరటి తోటలోంచి పోవద్దు’’ అన్నాడు. దీనికన్నా కచ్చితమైన పర్మిట్ నేనెక్కడా చూడలేదు.

పులిగడ్డ దగ్గర కథ మారిపోతుంది. అక్కడ కృష్ణ రెండు పాయలవుతుంది. మధ్యలో ఉన్నదే దివిసీమ. తూర్పు పాయ హంసలదీవి వైపు పోతుంది, మేట వేసిపోయి నీళ్ళు పలచన. దాని మీదుగానే దివికి సాగునీరు తీసుకెళ్ళే అక్విడక్టు ఉంది. మా శాఖలో ఉన్నవాళ్ళకు అదొక యాత్రాస్థలం లాంటిది. పడమటి పాయ అసలు కృష్ణ. పెనుమూడి వారధి కిందుగా, నాగాయలంక మీదుగా సముద్రానికి పోతుంది. పెద్దవాళ్ళకు హంసలదీవి మీద మనసు. మాఘ పౌర్ణమికి సాగరసంగమంలో మునగాలని. నేను పడమటి పాయే అన్నాను. లోతుంది, నావ ఆగదు, ఒడ్డున ఊళ్ళున్నాయి, మనుషులున్నారు. హంసలదీవికి బస్సులో పోవచ్చు.

పులిగడ్డ దాకా బ్యారేజీ మాట వినాలి. అక్కడి నుంచి సముద్రం మాట వినాలి. నా సర్వీసంతా మొదటిదానితోనే గడిచింది, రెండోదాని సంగతి నాకు తెలియదు. కాబట్టి చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా బస్సెక్కి నాగాయలంక వెళ్ళి, రేవులో ఒక సరంగు పక్కన కూర్చున్నాను. మొదటి రోజు ఆయన నాతో పెద్దగా మాట్లాడలేదు, వల బాగుచేసుకుంటూనే ఉన్నాడు. రెండోసారి వెళ్ళినప్పుడు మా ఊరి కాలువ సంగతులు నేనే చెప్పాను. అప్పుడు నోరు విప్పాడు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకీ తరవాతి పోటుకీ మధ్య పన్నెండున్నర గంటలకు కాస్త తక్కువ. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఏ వేళకు నిండుతుందో ఆ రేవు వాళ్ళకు నోటికి వచ్చు. అక్కడి నుంచి తిథికి రెండు గడియలు కలుపుకుంటూ పోవాలి. గడియంటే 24 నిమిషాలు, రెండు గడియలంటే 48. సెల్‌ఫోనులో అబ్బాయి చూపించిన లెక్క రోజుకు 50 నిమిషాలు. రెండు నిమిషాల తేడాకు సరంగు నవ్వి, ‘‘మీ ఫోను గాలిని కూడా లెక్కేస్తదా?’’ అన్నాడు.

గాలి మాట అన్నాడు కాబట్టి చెప్తున్నాను. మాఘమాసంలో పొద్దున ఏటి మీద పొగమంచు. ఎదుటి నావ కనబడదు. అది విచ్చేసరికి ఎండ బాగా ఎక్కుతుంది. మధ్యాహ్నానికి సముద్రం మీంచి గాలి లేస్తుంది, అది మనకు ఎదురు. పాయ వెడల్పుగా ఉన్నచోట ఎదురుగాలికి అలలు లేస్తే తెడ్డు పట్టినవాడి భుజాలు మర్నాటికి పనికిరావు. అంటే మంచు విచ్చాక, గాలి లేవక ముందు, ఆ మధ్యనున్న మూడు నాలుగు గంటలే మనవి. ఆ గంటల్లో నీరు సముద్రం వైపు తీస్తూ ఉండాలి, అంటే పాటు నడుస్తూ ఉండాలి. పోటు ఎదురైతే రెట్టింపు కష్టం. ఈ మూడూ ఒకచోట కలిసే తిథి ఏదో వెతకడమే అసలు ప్లాను. తక్కినదంతా సరుకుల చీటీ.

పౌర్ణమి నాడు పాటు వేళ బాగానే కుదురుతుంది, కానీ ఆ లాగుడు కొత్తవాళ్ళ తరం కాదు. అష్టమి నాడు నీరు మెత్తగా ఉంటుంది, కానీ పొద్దుటి పూట మనకు ఎదురొస్తుంది. పంచాంగం, సరంగు లెక్క, అబ్బాయి ఫోను, మూడూ ముందేసుకుని కూర్చుంటే మాఘ శుద్ధ ఏకాదశి, ద్వాదశి తేలాయి. భీష్మ ఏకాదశి నాటికి పులిగడ్డలో ఉండాలి. రథసప్తమి ఇంట్లో చేసుకుని, నవమి నాడు శ్రీకాకుళంలో నావ దింపాలి. త్రయోదశికి ఎదురుమొండిలో దిగిపోవాలి. రెండు రోజులాగితే మాఘ పౌర్ణమి, హంసలదీవిలో మునగాలనుకున్నవాళ్ళు మునగొచ్చు. పెద్దవాళ్ళు దేవుడే ముహూర్తం పెట్టాడన్నారు. నేనేమీ మాట్లాడలేదు.

నావల ఎంపికలో ఎక్కువ వాదన జరిగింది. అబ్బాయికి గాలి నింపే కనోలు తెప్పించాలని ఉంది. ఏట్లో అడ్డంగా వలలు కట్టే కర్రలుంటాయి, నీళ్ళలో మునిగిన తుమ్మ మొద్దులుంటాయి, గాలి పడవకు అవి చాలు. జాలర్లు వాడే చిన్న ఫైబరు నావలు రెండు మాట్లాడాను. ఇంజను తీసేసి తెడ్లు వేసుకునేలా. మూడోది సరంగు నావ, ఇంజనుతో. సామాన్లన్నీ దాంట్లో. అది ఎప్పుడూ మాకు కేక వినపడేంత దూరంలో ఉండాలి. ‘‘ఇంజను బోటు వెంట వస్తే ఇక సాహసం ఏముంది?’’ అని కలంకారీ అచ్చుల వ్యాపారం చేసే పెడన స్నేహితుడు అన్నాడు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర అంతకు రెట్టింపు పైగా పోయారు. రెండు చోట్లా ఎక్కినవాళ్ళు విహారానికే ఎక్కారు. ఆ మాట అన్నాక ఇంకెవరూ సాహసం గురించి మాట్లాడలేదు.

లైఫ్ జాకెట్ల విషయంలో మొహమాటం పెట్టుకోలేదు. మనిషికొకటి, ఒంటి కొలత చూసి. ‘‘నేను ఏట్లో పుట్టినవాణ్ణి, నాకెందుకురా’’ అన్న ఒక పెద్దమనిషిని, ‘‘అయితే అన్నయ్యా, మీరు బస్సులో నాగాయలంక వచ్చేయండి’’ అన్నాను. ఒక రోజు అలిగాడు. తరవాత వేసుకున్నాడు. బీపీ మాత్రలు వాడే ఇద్దరి దగ్గర చీటీ రాయించుకున్నాను, ఎవరికి ఏ మాత్ర, ఏ వేళకు అని. స్నేహితుల్ని ఇలా అధికారిలా పరీక్షించడం కొందరికి నచ్చలేదు. గండి పడిన రాత్రి ఎవరు బస్తా ఎత్తగలరో, ఎవరు లాంతరు పట్టుకోగలరో ముందే తెలియాలి. ఇదీ అంతే.

తిండికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. మన ఆడవాళ్ళు చేసిచ్చే పులిహోర ఒక రోజు నిలుస్తుంది, ఆ తరవాత అటుకులు, పెరుగు మిరపకాయలు, చింతకాయ పచ్చడి, ఉలవచారు సీసా. నాగాయలంకలో చేపలు. బందరు లడ్డూ పెట్టె ఒకటి పెడన ఆయన తెచ్చాడు, మొదటి రోజు మధ్యాహ్నానికే ఖాళీ. నీళ్ళ సంగతే అసలు సంగతి. పులిగడ్డ కింద ఏటి నీరు ఉప్పు. నావ నిండా చుట్టూ నీళ్ళే, నోట్లో పోసుకోవడానికి చుక్క ఉండదు. పైనుంచి నీళ్ళు రాని కాలంలో సముద్రం ఎగువకు ఎంత దూరం ఎక్కుతుందంటే, దాన్ని ఆపడానికే ప్రకాశం కింద చోడవరం దగ్గర ఒకటి, మోపిదేవి మండలంలో ఒకటి బ్యారేజీలు కట్టాలని ఏళ్ళ తరబడి మాట నడుస్తోంది. అందుకే మంచినీళ్ళ క్యానులు సరంగు నావలో సగం చోటు తీసుకున్నాయి. మనిషికి రోజుకు నాలుగు లీటర్లు తాగడానికే. స్నానాలు ఊళ్ళో పంపుల దగ్గర.

రాత్రి మకాములు ముందే మాట్లాడుకున్నాం. గుడారం వేసుకుని ఇసుక మీద పడుకుందామని అబ్బాయి. పాముల సంగతి వదిలేసినా, మంచు కురిసే రాత్రుల్లో ఏటి ఒడ్డున పడుకుంటే మా వయసు వాళ్ళకు రొంప ఖాయం. మోపిదేవిలో సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉంది కాబట్టి వసతికి లోటు లేదు, రేవు నుంచి ఆటో. అవనిగడ్డలో ఒక స్నేహితుడి ఇల్లు. నాగాయలంకలో శ్రీరామపాద క్షేత్రం ఘాట్ దగ్గర నావలు కట్టి పక్కనే బస. అబ్బాయి మాట కొట్టేయలేక ఒక్క రాత్రి మాత్రం లంక మీద గుడారాలు వేయనిచ్చాను, సామాన్లకు సరంగు కాపలా. పొద్దున్నే అందరికన్నా ముందు లేచింది వాడే, కాళ్ళకు ఇసుక ఈగలు కుట్టాయని.

ఇక అనుమతులు. నాగాయలంక దిగువన మడ అడవులు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలోవి. బావురుపిల్లి ఉండే చోటు. మాఘంలో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. అటవీ శాఖ వాళ్ళను అడగకుండా అడుగుపెట్టకూడదు. అడిగాం. మడ పాయల్లోకి దూరబోమనీ, రాత్రి దీపాలు వేయబోమనీ రాసిచ్చాం. మెరైన్ పోలీసులకు పేర్లు, ఫోన్లు, ఏ రోజు ఎక్కడుంటామో రాసిచ్చాం. ఒక కార్యాలయంలో కాగితం పుచ్చుకున్న ఉద్యోగి, ‘‘ఇదెవరు అడిగారండీ?’’ అన్నాడు. ఎవరూ అడగలేదు. ఇచ్చి రసీదు పుచ్చుకున్నాను. సర్వీసులో నేర్చుకున్న ఇంకో సంగతి, రసీదు లేని మాట వరద రోజున ఎవరికీ గుర్తుండదు. ఊళ్ళలో మత్స్యకార పెద్దలతో విడిగా మాట్లాడాను. పాయలో ఎక్కడ వలలు కడతారో వాళ్ళే చెప్పాలి. వల మీంచి నావ పోతే వాళ్ళ పూట కూడు పోయినట్టే.

ప్రయాణం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. అనుకున్నట్టు జరిగిన పనికి కథ ఉండదు. శ్రీకాకుళం కింద ఇసుకలో అనుకున్నదానికన్నా ఎక్కువ చోట్ల దిగాం. ట్రాక్టరాయన వచ్చాడు, అరటి తోట జోలికి పోలేదు. మిల్లు గుమస్తా మొదటి రోజు తెడ్డు ఎడాపెడా వేసి నావను గుండ్రంగా తిప్పాడు. మూడో నాటికి అందరికన్నా ఆయనే బాగా వేస్తున్నాడు. పెనుమూడి వారధి కింద నుంచి పోతుంటే పైన లారీ శబ్దం గుహలో లాగా మోగింది. ద్వాదశి నాడు మంచు విచ్చడం ఆలస్యమైంది, పాటు సగం అయిపోయింది. మేష్టారి అబ్బాయి షీటు ప్రకారం అప్పటికి పోవాల్సిన దూరం చాలా మిగిలింది. సరంగు నా వైపు చూశాడు. ఈ రోజుకు నాగాయలంకలో ఆగుదాం అన్నాను. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. మధ్యాహ్నం గాలి లేచి పాయ మీద నురగ చూశాక అబ్బాయి షీటులో ఆ గడి తనే మార్చుకున్నాడు.

ఎదురుమొండి దాకా నావలో పోయి అక్కడ దిగాం. అక్కడి నుంచి ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా పోదామని పెడన స్నేహితుడు చివరిదాకా పట్టుపట్టాడు. మొగ దగ్గర పాటు లాగుడూ, సముద్రపు అలా ఎదురెదురు పడతాయి. ఇసుక దిబ్బల మీద అలలు విరుగుతాయి. అక్కడికి పుట్టినప్పటి నుంచీ ఆ నీళ్ళలో ఉన్న జాలర్లు పోతారు, వాళ్ళు కూడా వేళ చూసుకుని పోతారు. మేము ఎదురుమొండి నుంచి పంటు మీద ఏటిమొగ రేవుకు వచ్చి, ఆటోలో నాగాయలంక, అక్కడి నుంచి బస్సు. పౌర్ణమికి ముగ్గురు హంసలదీవి వెళ్ళారు. మిగిలినవాళ్ళం గుడ్లవల్లేరు వచ్చేశాం. దాళ్వా మడికి నీళ్ళు అందలేదని పక్కింటి రైతు నా కోసం అప్పటికే కూర్చుని ఉన్నాడు. రిటైరయ్యానన్న మాట ఆయన ఒప్పుకోడు.

ఈ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. బయల్దేరే ముందు రోజు బ్యారేజీ నుంచి నదిలోకి ఎంత వదులుతున్నారో కనుక్కోండి, వదులుతుంటే మానుకోండి. పులిగడ్డ దాటాక ఫోనులో చూసిన పోటు వేళను రేవులో ఉన్న సరంగుతో ఒకసారి సరిచూసుకోండి, ఇద్దరి లెక్కా కుదరకపోతే సరంగు మాటే వినండి. జాకెట్టు వేసుకోనన్నవాణ్ణి, ఎంత దగ్గరివాడైనా, నావ ఎక్కించకండి. మొగ దాకా మాత్రం పోకండి.